‘ఎస్.ఎస్. బటర్‌ఫ్లై’ పేరు ఒకటే, సరుకులు అనేకం

సికింద్రాబాదు రాణీగంజ్ బజారులో ‘100 మిల్లీమీటర్ల ఎస్.ఎస్. బటర్‌ఫ్లై వాల్వు ధర ఎంత?’ అని నాలుగు దుకాణాలకు ఫోను చేస్తే నాలుగు ధరలు వస్తాయి. అట్టడుగు ధరకు, పై ధరకు మధ్య రెట్టింపు తేడా ఉన్నా ఆశ్చర్యపడనక్కరలేదు. చెప్పినవారిలో ఏ ఒక్కరూ అబద్ధం ఆడి ఉండకపోవచ్చు. ఒకరు పోత ఇనుప బాడీలో స్టెయిన్‌లెస్ డిస్కు బిగించిన వాల్వు ధర చెప్పారు. మరొకరు బాడీ, డిస్కు, షాఫ్టు మూడూ స్టెయిన్‌లెస్ అయిన వాల్వు ధర చెప్పారు. మూడో ఆయన 304 రకం మనసులో పెట్టుకున్నారు, నాలుగో ఆయన 316. అన్నిటినీ బజారు ‘ఎస్.ఎస్. బటర్‌ఫ్లై’ అనే పిలుస్తున్నది.

గుంటూరు యార్డులో తేజాయా, 334 రకమా అని తేల్చుకోకుండా మిర్చి ధర అడిగే వ్యాపారి ఉండడు. వాల్వుల బేరంలో మాత్రం ఆ ఆరా ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. మందుల ముడిసరుకు తయారయ్యే పటాన్‌చెరు, జీడిమెట్ల, బొల్లారం కర్మాగారాలు, కాకినాడ, కృష్ణపట్నం వంటనూనె రిఫైనరీలు, చక్కెర మిల్లులు, డిస్టిలరీలు, డెయిరీలు, నీటిశుద్ధి కేంద్రాలు ఈ సరుకుకు ప్రధాన గిరాకీదారులు. వీరి ఎంక్వయిరీల్లో సగం వివరమే ఉంటుంది. మిగిలిన సగాన్ని మధ్యవర్తి తన ఊహతో నింపుకుంటాడు. సరుకు సైటుకు చేరి, స్టోర్సులో తనిఖీ జరిగి, ‘మేము అడిగింది ఇది కాదు’ అని తిరుగు టపా వచ్చినప్పుడు నష్టం పడేది కూడా అతని మీదనే. తయారీదారు కొనుగోలు ఆర్డరులో ఉన్న నాలుగు మాటలు చూపించి తప్పుకుంటాడు. కర్మాగారం బిల్లు నిలిపివేస్తుంది. రానుపోను లారీ కిరాయి, నిలిచిపోయిన పెట్టుబడి, పోయిన ఖాతా మూడూ మధ్యవర్తి లెక్కలోకే వస్తాయి.

అందువల్ల ఈ వాల్వులో ధర ఏ భాగంలో ఉన్నది, మన్నిక ఏ భాగంలో ఉన్నది అన్నది విడదీసి చూడవలసి ఉన్నది. ఈ రెండూ ఒకే చోట లేవు. చిక్కంతా అక్కడే.

పావు చుట్టు వాల్వు

బటర్‌ఫ్లై వాల్వు నిర్మాణం తేలిక. గొట్టం లోపలి వ్యాసానికి సరిపడే గుండ్రటి డిస్కు ఒకటి, దాన్ని తిప్పే షాఫ్టు ఒకటి, డిస్కు అంచు వచ్చి ఒత్తుకునే సీటు ఒకటి, ఇవన్నీ ఇమిడి ఉండే బాడీ ఒకటి. షాఫ్టుకు రెండు పక్కలా డిస్కు రెక్కల మాదిరి కనిపిస్తుంది కనుక సీతాకోకచిలుక పేరు వచ్చింది. ఈ ఊహ కొత్తది కాదు. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాల్లో ఆవిరిని అదుపు చేసే థ్రాటిల్ కూడా ఈ తీరుదే. హ్యాండిలు 90 డిగ్రీలు తిప్పితే పూర్తిగా తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది. హ్యాండిలు గొట్టం వెంబడి ఉంటే తెరిచి ఉన్నట్లు, అడ్డంగా ఉంటే మూసి ఉన్నట్లు దూరం నుంచే తెలుస్తుంది. చిన్న సైజులకు హ్యాండిలు చాలు. 200 మిల్లీమీటర్ల పైన మరచక్రాల గేరుబాక్సు వేయించుకోవడం మంచిది. ఆటోమేటిక్ ప్లాంట్లలో గాలి పీడనంతో నడిచే యాక్చుయేటరు తగిలిస్తారు.

ఈ వాల్వు ఇంతగా వ్యాపించడానికి కారణం దాని పొట్టితనం. 150 క్లాసు ఫ్లాంజి గేటు వాల్వు 100 మిల్లీమీటర్ల సైజులో ఒక ముఖం నుంచి మరో ముఖానికి 229 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. అదే సైజులో రెండు ఫ్లాంజిల మధ్య ఇరికించే వేఫర్ రకం బటర్‌ఫ్లై పొడవు 52 మిల్లీమీటర్లు మాత్రమే. 200 మిల్లీమీటర్ల సైజులో ఈ లెక్క 292కు 60. పొడవు తగ్గితే లోహం తగ్గుతుంది, లోహం తగ్గితే ధర తగ్గుతుంది. స్టెయిన్‌లెస్ వంటి ఖరీదైన లోహంలో ఈ పొదుపు మరీ ఎక్కువగా తెలుస్తుంది. సైజు పెరిగిన కొద్దీ గేటు వాల్వు వైపు నుంచి బటర్‌ఫ్లై వైపు గిరాకీ మళ్లడం ఇందుకే.

లోపాలు కూడా ఉన్నాయి. పూర్తిగా తెరిచినా డిస్కు ప్రవాహం మధ్యలోనే నిలిచి ఉంటుంది. పీచు, గుజ్జు ఉండే ద్రవాలకు అది అడ్డు. ప్రవాహాన్ని కొద్దికొద్దిగా సర్దడానికి సుమారు 30 నుంచి 70 డిగ్రీల మధ్య బాగానే పని చేస్తుంది కాని, కాస్త మాత్రమే తెరిచి నెలల తరబడి వదిలేస్తే సీటు అంచు కోసుకుపోతుంది.

బాడీకి ధర, డిస్కుకు పని

మామూలుగా అమ్ముడయ్యే రబ్బరు సీటు వాల్వులో ఒక విశేషం ఉన్నది. రబ్బరు లైనరు బాడీ లోపలి భాగమంతా కప్పి, రెండు ముఖాల మీదకు కూడా మడత పడుతుంది. లోపల పారే ద్రవం డిస్కుకు, రబ్బరుకు మాత్రమే తగులుతుంది. బాడీ పొడిగానే ఉంటుంది. అంటే ద్రవం సంగతి వరకు బాడీ పోత ఇనుము అయినా, ఎస్.జి. ఐరన్ అయినా, స్టెయిన్‌లెస్ అయినా పని ఒకటే. బరువులో ఎక్కువ పాలు మాత్రం బాడీదే. ‘పూర్తి ఎస్.ఎస్.’ వాల్వుకు కొనుగోలుదారు చెల్లించే అదనపు సొమ్ములో ప్రధాన భాగం ద్రవం తగలని లోహానికి పోతున్నదన్న మాట.

అలాగని పూర్తి స్టెయిన్‌లెస్ వాల్వు దండగ అనడం సరికాదు. ఆమ్లపు ఆవిర్లు నిండిన షెడ్డులోను, రోజూ నీళ్లు కొట్టి కడిగే డెయిరీలోను, పైపూత పెచ్చు ఊడి మందులో పడకూడదని నియమం ఉన్న ఔషధ కర్మాగారంలోను బాడీ కూడా స్టెయిన్‌లెస్ కావలసిందే. అక్కడ శత్రువు బయట ఉంటుంది. మామూలు నీటి లైనుకు, శీతలీకరణ నీటికి ఎస్.జి. ఐరన్ బాడీలో స్టెయిన్‌లెస్ డిస్కు చాలినంత. ఈ తేడా విడమరచి చెప్పిన వర్తకుడికి ఆ పూట బిల్లు చిన్నదవుతుంది, నిజమే.

రబ్బరు లైనరు లేని రకాలకు ఈ సూత్రం వర్తించదు. షాఫ్టు డిస్కు కేంద్రం నుంచి రెండు విధాల పక్కకు జరిగి ఉండే డబుల్ ఆఫ్‌సెట్ వాల్వులో సీటు ఒక సన్నని పి.టి.ఎఫ్.ఇ. వలయం మాత్రమే. ట్రిపుల్ ఆఫ్‌సెట్ వాల్వులో లోహం మీద లోహమే కూర్చుంటుంది. ఈ రెంటిలోనూ ద్రవం బాడీకి నేరుగా తగులుతుంది. కనుక బాడీ లోహం కూడా ద్రవానికి తగినదై ఉండాలి. అమెరికన్ ప్రమాణం ఎ.పి.ఐ. 609లో ‘ఎ’ తరగతి, ‘బి’ తరగతి అని రెండు ఉన్నాయి. స్థూలంగా మొదటిది కేంద్రీకృత డిస్కు వాల్వులకు, రెండోది ఆఫ్‌సెట్ వాల్వులకు. మన దేశంలో సాధారణ ఉపయోగపు బటర్‌ఫ్లై వాల్వులకు ఐ.ఎస్. 13095 ప్రమాణం 1991లో వచ్చింది. ఎంక్వయిరీలో ప్రమాణం సంఖ్య కనిపిస్తే ఏ రకం అడుగుతున్నారో సగం తేలినట్లే.

షాఫ్టు సంగతి చాలామంది పట్టించుకోరు. ‘షాఫ్టు ఎస్.ఎస్.’ అని కొటేషనులో రాసి 410 రకం వేసినా అది అబద్ధం కాదు. 410 కూడా స్టెయిన్‌లెస్ స్టీలే. అందులో క్రోమియం 11.5 నుంచి 13.5 శాతం, నికెల్ నామమాత్రం. గట్టిదనం బాగుంటుంది, తుప్పుకు తట్టుకునే శక్తి 304 కన్నా తక్కువ. నీటి లైనులో పరవాలేదు. 316 డిస్కు అడిగిన రసాయన కర్మాగారానికి 410 షాఫ్టుతో పంపితే అది వెనక్కి వచ్చే సరుకు.

304, 316, వాటి పోత పేర్లు

క్రోమియం, నికెల్ కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలు జర్మనీలోని క్రుప్ సంస్థలో 1912 ప్రాంతంలో రూపొందింది. ఇంగ్లండులోని షెఫీల్డులో హారీ బ్రేర్లీ క్రోమియం స్టీలును తయారు చేసింది 1913లో. నేటి వాల్వుల్లో మొదటి వంశానిదే రాజ్యం. 304లో క్రోమియం 18 శాతం దరిదాపు, నికెల్ కనీసం 8 శాతం. 316లో నికెల్ కనీసం 10 శాతం, దానికి తోడు మాలిబ్డినం 2 నుంచి 3 శాతం. ఉప్పుదనం ఉన్న నీటిలో గుంటలు పడకుండా కాపాడేది ఈ మాలిబ్డినమే.

ఇవి రేకు, కడ్డీ రూపంలోని పేర్లు. వాల్వు బాడీ, డిస్కు పోత పోసినవి కనుక వాటికి పేర్లు వేరు. 304కు సాటి పోత రకం సి.ఎఫ్.8. 316కు సాటి సి.ఎఫ్.8.ఎం. కార్బన్ 0.03 శాతానికి మించని 316ఎల్‌కు సాటి సి.ఎఫ్.3.ఎం. ఆర్డరులో 316 అని, సర్టిఫికెట్టులో సి.ఎఫ్.8.ఎం. అని ఉండడం చూసి సరుకు మారిందని స్టోర్సువారు ఆపివేసిన సందర్భాలు ఉంటాయి. అది అనవసరపు ఆలస్యం. కొటేషనులోనే రెండు పేర్లూ రాస్తే సరిపోతుంది.

బజారులో బెడద తెచ్చిపెట్టేది 200 శ్రేణి. నికెల్ ఖరీదు కనుక దాని బదులు మాంగనీసు వేసి తయారు చేసేది ఇది. 201 రకంలో నికెల్ 3.5 నుంచి 5.5 శాతం. మన వంటపాత్రల బజారులో చెలామణి అయ్యే కొన్ని రకాల్లో 1 శాతం దరిదాపుకు దిగిపోతుంది. గిన్నెలకు, గ్లాసులకు అది చెల్లుబాటు అవుతున్నది. రసాయన కర్మాగారంలో చెల్లదు. వాల్వు మెరుపు చూసి ఈ తేడా ఎవరూ చెప్పలేరు.

మరి అయస్కాంతం పరీక్ష? ఎన్నో దుకాణాల బల్ల సొరుగులో అయస్కాంతం ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని నమ్ముకోవడం రెండు వైపులా ప్రమాదం. 200 శ్రేణి కూడా 304 మాదిరే అయస్కాంతానికి సాధారణంగా అంటదు. కనుక అంటలేదన్నంత మాత్రాన 304 అని తీర్మానించరాదు. రెండోది ఇంకా తమాషా అయినది. సి.ఎఫ్.8, సి.ఎఫ్.8.ఎం. పోతల్లో ఫెరైట్ కొంత పాలు సహజంగా ఉంటుంది. పోత పగలకుండా అది తోడ్పడుతుంది. దాని వల్ల మంచి సరుకు కూడా అయస్కాంతాన్ని కొద్దిగా లాగుతుంది. ఇది తెలియక అసలు సరుకును నకిలీ అని తిప్పి పంపి, నకిలీని అసలని గోదాములో పెట్టుకునే అవకాశం ఉన్నది.

నమ్మదగిన మార్గం ఎక్స్‌రే తుపాకీ పరీక్ష. పరీక్షాకేంద్రాల్లో రుసుముకు చేసి పెడతారు. క్రోమియం, నికెల్, మాలిబ్డినం, మాంగనీసు శాతాలు క్షణాల్లో చూపిస్తుంది. చేతిలో పట్టుకునే ఆ సాధనం కార్బన్ మాత్రం చూపదు. అందువల్ల సి.ఎఫ్.8.ఎం.కు, సి.ఎఫ్.3.ఎం.కు తేడా దానితో తేలదు. దానికి స్పెక్ట్రో పరీక్ష చేయించాలి. 316 అని చెప్పిన దానిలో మాలిబ్డినం ఉన్నదా లేదా అన్న ఒక్క ప్రశ్నకు చుక్కల మందు పరీక్ష కూడా చాలు.

ఆమ్లానికి 316 అన్న నానుడి

‘ఆసిడ్ లైనా? అయితే 316 వేయండి’ అనే మాట బజారులో స్థిరపడిపోయింది. ఇది సగమే నిజం. నత్రికామ్లానికి 304 బాగానే నిలుస్తుంది. ఉదజహరికామ్లానికి, అంటే హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌కు, 304 గాని 316 గాని నిలవవు. పలచని ఆసిడ్ కూడా డిస్కును తినివేస్తుంది. అక్కడ డిస్కు, బాడీ లోపలి భాగం పూర్తిగా పి.టి.ఎఫ్.ఇ. లేక పి.ఎఫ్.ఎ. తొడుగు వేసిన వాల్వే వాడాలి. మందుల కర్మాగారాల్లో ఈ ఆసిడ్ వాడకం విస్తారం. కనుక ‘ఆసిడ్’ అన్నంతటితో ఊరుకోకుండా ఏ ఆసిడ్, ఎంత గాఢత, ఎంత వేడి అని అడిగి కాగితం మీద తీసుకోవాలి. ఈ మూడూ అడిగినందుకు ఏ ఇంజనీరూ నొచ్చుకోడు.

సముద్రపు నీరు మరో ఉచ్చు. 304 అక్కడ ఎందుకూ కొరగాదు. 316 కొంత మేలు కాని, రబ్బరు సీటుకు డిస్కు అంచు ఒత్తుకునే ఇరుకు సందులో నీరు నిలిచి అక్కడే తినడం మొదలవుతుంది. గుంటలను తట్టుకునే శక్తిని క్రోమియం, మాలిబ్డినం, నైట్రోజన్ శాతాల నుంచి ఒక అంకెగా లెక్కగడతారు. 304కు అది 18 నుంచి 20, 316కు 24 దరిదాపు, డుప్లెక్స్ స్టీలుకు 35 ప్రాంతం, సూపర్ డుప్లెక్స్‌కు 40 పైన. తీరప్రాంతపు ఎంక్వయిరీకి అల్యూమినియం బ్రాంజ్ లేక డుప్లెక్స్ డిస్కు ధర కూడా జత చేసి పంపడం వివేకం.

రబ్బరు చేసే చెరుపు

వాల్వు చెడిందని వచ్చే ఫిర్యాదుల్లో లోహం పాత్ర కన్నా రబ్బరు పాత్రే పెద్దదని ఈ రంగంలో పనిచేసేవారు ఎరుగుదురు. ఇ.పి.డి.ఎం. రబ్బరు వేడినీటికి, క్షారాలకు, పలచని ఆమ్లాలకు మంచిది. సుమారు 120 డిగ్రీల వేడి వరకు నిలుస్తుంది. నూనె తగిలితే మాత్రం ఉబ్బి మెత్తబడుతుంది. వంటనూనె రిఫైనరీకి ఇ.పి.డి.ఎం. సీటు వాల్వు పంపితే కొద్ది కాలానికే హ్యాండిలు తిరగడం మానేస్తుంది. నూనెలకు నైట్రైల్ రబ్బరు వాడాలి. దాని వేడి హద్దు 80, 90 డిగ్రీల దగ్గర. అంతకు మించిన వేడి నూనెకు వైటాన్ గాని, పి.టి.ఎఫ్.ఇ. గాని కావాలి. వైటాన్ ఖరీదైనది కనుక అన్నిటికీ పనికివస్తుందనుకోవడం పొరపాటు. ఆవిరికి, అమ్మోనియాకు అది తగదు.

డెయిరీల్లో లైన్లు శుభ్రం చేయడానికి కాస్టిక్ ద్రావణం, నత్రికామ్లపు పలచని ద్రావణం వరుసగా పంపుతారు. నైట్రైల్ రబ్బరుకు నత్రికామ్లం పడదు. పాలకు సరిపడిన రబ్బరు కడుగుడుకు సరిపడకపోవచ్చునన్న మాట. డెయిరీ వాల్వులు అసలే వేరు జాతి. ఫ్లాంజిలు ఉండవు, క్లాంపు లేక యూనియన్ ఉంటుంది. బాడీ రెండు ముక్కలు, లోపలి తలం నునుపు సాధారణంగా 0.8 మైక్రానుకు మించని గరుకుతనంలో అడుగుతారు. ‘ఎస్.ఎస్. బటర్‌ఫ్లై’ అని డెయిరీ అడిగితే వేఫర్ వాల్వు పంపడం ఎంత తప్పో వేరే చెప్పనక్కరలేదు.

చక్కెర మిల్లుల్లో ఇవాపొరేటర్లు, వాక్యూమ్ పాన్‌లు శూన్యం మీద పని చేస్తాయి. బాడీకి అతికించకుండా ఊరికే తొడిగిన లైనరు శూన్యం లాగినప్పుడు లోపలికి ముడుచుకుపోతుంది. అక్కడ అతికిన లైనరు అని ప్రత్యేకించి రాయాలి. ఆవిరి లైనుకు రబ్బరు సీటు వాల్వు ఎవరు అడిగినా, ఎంత తొందర పెట్టినా ఇవ్వరాదు.

బోల్టు రంధ్రాల తంటా

చిన్నదిగా కనిపించి పెద్ద ఖర్చు తెచ్చేది ఫ్లాంజి కొలత. 100 మిల్లీమీటర్ల సైజులో పి.ఎన్.16 ఫ్లాంజికి బోల్టు వలయపు వ్యాసం 180 మిల్లీమీటర్లు. అమెరికన్ 150 క్లాసుకు 190.5. పాత కర్మాగారాల్లో నేటికీ కనిపించే బి.ఎస్.10 టేబుల్ డి, టేబుల్ ఇ ఫ్లాంజిలకు 178. పైగా టేబుల్ డి అయితే 4 రంధ్రాలు, టేబుల్ ఇ అయితే 8. 200 మిల్లీమీటర్లకు వచ్చేసరికి పి.ఎన్.10, పి.ఎన్.16 రెంటికీ వలయం 295 మిల్లీమీటర్లే. రంధ్రాలు మాత్రం మొదటిదానికి 8, రెండోదానికి 12. వేఫర్ రకంలో నాలుగు మూలల చెవులే ఉంటాయి కనుక కొంత సర్దుబాటు కుదురుతుంది. రంధ్రాలన్నీ మరలు కోసి ఉండే లగ్ రకంలో సర్దుబాటుకు తావే లేదు. లగ్ వాల్వు పొరపాటున వస్తే దాన్ని తుక్కుకు వేయడమో, అదే కొలత అడిగే మరొకరి కోసం ఎదురు చూడడమో తప్ప దారి లేదు.

నికెల్ ధర, కొటేషను గడువు

ఇక ధరల సంగతి. మన దేశానికి కావలసిన నికెల్ దాదాపు అంతా విదేశాల నుంచి వస్తున్నది. అందువల్ల లండన్ మెటల్ ఎక్స్ఛేంజి అంకెలు రాజ్‌కోట్, అహ్మదాబాద్, కోయంబత్తూరు పోత కర్మాగారాల ధరల్లో వెంటనే కనిపిస్తాయి. వారు కొలిమిలో వేసే స్టెయిన్‌లెస్ తుక్కు ధర కూడా నికెల్ వెంటే నడుస్తుంది.

నికెల్ నిలకడ లేని సరుకు. 2007 మే నెలలో టన్ను 50,000 డాలర్లు దాటింది. 2008 చివరికి 10,000 డాలర్ల దిగువకు పడింది. 2022 మార్చి 8న జరిగినది వర్తక చరిత్రలోనే వింత. కొద్ది రోజుల ముందు 30,000 డాలర్ల లోపు ఉన్న ధర ఆ ఉదయం 1,00,000 డాలర్లు దాటింది. చైనాకు చెందిన ఒక పెద్ద ఉత్పత్తిదారు ముందస్తుగా అమ్మిపెట్టుకున్న బేరాలు కప్పుకోవలసి రావడం ఇందుకు ముఖ్య కారణం. ఎక్స్ఛేంజి లావాదేవీలు ఆపివేసి, ఆ రోజు బేరాలను రద్దు చేసింది. మార్కెట్ తిరిగి తెరిచింది మార్చి 16న. అప్పటి అదుపు లోపాలకు గాను బ్రిటన్ నియంత్రణ సంస్థ 2025 మార్చిలో ఎక్స్ఛేంజికి 92 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. బేరాలు రద్దయినవారికి అది ఏపాటి ఓదార్పో తెలియదు గాని, ఆ వారం రోజులు మన వాల్వు తయారీదారుల్లో కొత్త ధర చెప్పడం కష్టమైంది.

ఆ తరువాత గాలి మారింది. ముడి ఖనిజం ఎగుమతిని 2020 జనవరి నుంచి నిషేధించిన ఇండోనేషియా, సొంత గడ్డ మీదే కొలిములు పెట్టించింది. 2024 నాటికి ప్రపంచ గని ఉత్పత్తిలో సగానికి మించి ఆ దేశానిదే. సరఫరా వెల్లువెత్తి ఆ ఏడాది డిసెంబరులో ధర 16,000 డాలర్ల లోపలికి దిగింది. మన ప్రభుత్వం కూడా 2024 జూలై బడ్జెట్టులో ఫెర్రోనికెల్ దిగుమతి సుంకాన్ని తొలగించింది.

ఈ ఒడిదుడుకులు వాల్వు ధరలోకి ఎంత దిగుతాయో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఒక వాల్వులో సి.ఎఫ్.8.ఎం. పోత 10 కిలోలు అనుకుంటే, నికెల్ 10 శాతం చొప్పున 1 కిలో. నికెల్ టన్నుకు 10,000 డాలర్లు పెరిగితే ఆ వాల్వు లోహపు ఖర్చు 10 డాలర్లు పెరుగుతుంది. తరణంలో పోయే తురుము, పోతలో మిగిలే ముక్కల లెక్క దీనికి అదనం. అదే సైజులో ఎస్.జి. ఐరన్ బాడీకి 2 కిలోల స్టెయిన్‌లెస్ డిస్కు ఉన్న వాల్వు మీద పెరుగుదల 2 డాలర్లు మాత్రమే. కనుక ఇనుప బాడీ సరుకుకు నెల రోజుల గడువుతో ధర ఇచ్చినా మునిగేది లేదు. పూర్తి స్టెయిన్‌లెస్ సరుకుకు, ముఖ్యంగా పెద్ద సైజులకు, తయారీదారు వారం గడువు ఇచ్చి ఉంటే, మధ్యవర్తి టెండరులో 90 రోజుల గడువుకు సంతకం పెట్టడం జూదం కిందకే వస్తుంది. ధర సవరణ నిబంధన ఒప్పుకోని టెండరులో ఈ తేడాను ముందే ధరలో కలుపుకోవాలి, లేదా వదులుకోవాలి.

316 విషయంలో మాలిబ్డినం కూడా కలుస్తుంది. ప్రపంచంలో దీని ఉత్పత్తిలో పెద్ద పాలు రాగి గనుల ఉపఉత్పత్తిగా వచ్చేదే. రాగి తవ్వకం తగ్గితే గిరాకీతో నిమిత్తం లేకుండా మాలిబ్డినం బిగుస్తుంది. 2023 ఆరంభంలో అది ఒక్కసారిగా పైకి పోయింది. నికెల్ మందగించిన రోజుల్లో కూడా 304కు, 316కు మధ్య తేడా పెరగవచ్చునని దీనివల్ల గ్రహించవచ్చు.

కాగితాలు, నిల్వ

సరుకుతో పాటు రావలసిన కాగితాల్లో ముఖ్యమైనది 3.1 తరగతి సర్టిఫికెట్టు. యూరప్ ప్రమాణం ఇ.ఎన్. 10204 ప్రకారం ఇది ఆ ఫలానా కొలిమి వార్పు రసాయన పరీక్ష ఫలితాలను, ఉత్పత్తితో సంబంధం లేని తనిఖీ అధికారి సంతకంతో ఇస్తుంది. 2.2 తరగతి సర్టిఫికెట్టు అలా కాదు. అదే తీరు సరుకు మీద ఎప్పుడో జరిగిన పరీక్షల ఫలితాలే అందులో ఉంటాయి. 3.1 కాగితంలోని హీట్ నంబరు బాడీ మీద, డిస్కు మీద ఉబ్బెత్తుగా పోసి ఉండాలి. కాగితం ఉండి నంబరు లేకపోతే ఆ కాగితానికి విలువ లేదు. పీడన పరీక్షలో బాడీని పని పీడనానికి 1.5 రెట్లు, సీటును 1.1 రెట్లు ఒత్తిడితో చూస్తారు. పి.ఎన్.10 వాల్వుకు ఇవి 15, 11 బార్లు. జి.ఎస్.టి. శీర్షిక 8481, పన్ను 18 శాతం. స్టెయిన్‌లెస్ అయినా, పోత ఇనుము అయినా ఇందులో తేడా లేదు.

నిల్వ పెట్టుకునే వర్తకులు 50 నుంచి 150 మిల్లీమీటర్ల వరకు ఎస్.జి. ఐరన్ బాడీ, 304 లేక 316 డిస్కు, ఇ.పి.డి.ఎం. సీటు రకాన్ని గోదాములో ఉంచి, పూర్తి స్టెయిన్‌లెస్‌ను ఆర్డరు మీద తెప్పించడం పెట్టుబడికి క్షేమం. నికెల్ పడిపోయిన నెలలో పాత ధరకు కొన్న పూర్తి స్టెయిన్‌లెస్ నిల్వ గుదిబండ అవుతుంది. సీట్లకు కూడా వయసు ఉన్నది. ఎండ, వేడి, మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ రబ్బరును బిరుసెక్కిస్తాయి, నైట్రైల్‌ను మరీ త్వరగా. వాల్వులను నీడలో, డిస్కు అయిదు పది డిగ్రీలు తెరిచి ఉంచి భద్రపరచాలి. గట్టిగా మూసి ఏడాది ఉంచితే సీటు మీద డిస్కు అచ్చు పడిపోతుంది. బిగించేటప్పుడు కూడా ఇదే పద్ధతి: డిస్కు అంచు బాడీ దాటి బయటకు రానంతగా మాత్రమే తెరిచి ఫ్లాంజిల మధ్య దింపాలి. రబ్బరు మడత ఉన్న రకానికి వేరే గాస్కెట్ వేయరాదు. వాల్వు బిగించి ఉండగా ఫ్లాంజికి వెల్డింగు చేస్తే సీటు కాలిపోతుంది. ఇన్వాయిసు వెంట ఈ సూచనలు తెలుగులో ఒక చిన్న చీటీగా జతపరిస్తే ఫిట్టరు దాకా చేరుతాయి.